అతుకుల బొంత చెప్పే కథ

పొందిక లేని దేనినైనా మనం 'అతుకుల బొంత' అని తీసిపారేస్తాం. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే పత్రికలవాళ్ళు పెట్టే పేరు అదే. ఇక్కడొక మాట, అక్కడొక మాట తెచ్చి అతికించిన ప్రసంగాన్ని కూడ అలాగే అంటాం. ఈ మాట అనేటప్పుడు అసలు బొంత మనకు గుర్తుకు వస్తుందా? చక్కగా కుట్టిన బొంత అంత తేలికగా విడిపోదు. అందులోని ఒక్కొక్క చీర ఒంటరిగా ఉన్నప్పుడే చిరిగిపోయింది. పది మంది బలహీనులు చేయి చేయి పట్టుకున్నట్లు, ఆ చిరిగిన చీరలే ఒకచోట చేరి మరో పది పన్నెండేళ్ళు ఒక కుటుంబాన్ని కాపాడాయి. అటువంటి వస్తువు పేరును తిట్టుగా వాడుకుంటున్నాం!

మన పల్నాటి ఇళ్ళలో అటక మీదనో, ట్రంకు పెట్టె అడుగుననో ఇంకా ఒకటి రెండు బొంతలు ఉండే ఉంటాయి. వాటిని పారవేయడానికి ముందు ఒక్కసారి విప్పి చూడమని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఎండల సీమలో బొంత ఎందుకు?

పల్నాడు అనగానే ఎండలు గుర్తుకు వస్తాయి. వేసవి వచ్చిందంటే రెంటచింతల పేరు రేడియో వార్తల్లోనూ, పత్రికల్లోనూ వినపడవలసిందే. ఇటువంటి చోట దళసరి బొంతతో పనేమిటని పైవారికి అనుమానం రావచ్చు.

మన ప్రాంతంలో బొంత కప్పుకొనే దానికంటె పరచుకొనేదిగానే ఎక్కువ ఉపయోగపడింది. నులక మంచం మీద పడుకుంటే నులక ఒరుసుకోకుండా బొంత పరిచేవారు. గచ్చు నేల మీదనైనా, పేడతో అలికిన మట్టి నేల మీదనైనా అదే పరుపు. ఎడ్లబండిలో సంతకో, పెళ్ళికో వెళ్ళేటప్పుడు గడ్డి మీద వేసే మెత్త అదే. బాలింత పక్కన పసిబిడ్డకు వేసే చిన్న బొంత సరేసరి. ఇంటికి చుట్టం వస్తే మడత నలగని కొత్త బొంత బయటికి తీసేవారు.

మార్గశిరం, పుష్యమాసాల చలి కూడ మనకు కొత్త కాదు. అగ్గి కురిసే వేసవి ఉన్నచోటనే తెల్లవారుజామున వణికించే శీతకాలం కూడ ఉంది. జొన్నచేను కాయడానికి మంచె మీద పడుకున్న రైతుకూ, మిరపకాయలు కళ్ళంలో ఎండబోసి రాత్రంతా కాపలా ఉండే కూలికీ బొంతే ఇల్లు. మిరప కోతలకూ, పత్తి తీతలకూ కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో తరలివచ్చే కుటుంబాలను చూడండి. నెత్తి మీద మూటలో గిన్నెలతో పాటు తప్పకుండా ఒక బొంత ఉంటుంది. తమది కాని ఊరిలో, తమది కాని చేలో వారికి తమదంటూ ఉన్న జాగా ఆ ఆరడుగుల గుడ్డే.

ఆరున్నర వేల కుట్లు

బొంత కుట్టడం చూడని ఈ తరం పిల్లల కోసం ఆ పద్ధతిని చెప్పుకుందాం.

ఆరు గజాల చీర అంటే పద్దెనిమిది అడుగులు. దాన్ని మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు వస్తుంది. పన్నా దాదాపు నాలుగడుగులు ఉండనే ఉంది. అంటే ఒక నూలు చీరతో ఒక మనిషి పడుకొనేటంత కొలతలో మూడు పొరలు తయారవుతాయి. రెండు చీరలయితే ఆరు పొరలు. బాగా చిరిగిపోయిన చీరలు, పంచెలు, తువ్వాళ్ళు లోపలికి పోతాయి. రంగు నిలిచి ఉన్న చీర పైకి వస్తుంది. చిరుగు ఉన్నచోట వేరే ముక్కను అతుకు వేస్తారు.

పగటిపూట పనులు తెమిలిన తరువాత వాకిట్లో చాప పరచి, దాని మీద ఈ పొరలను ముడత లేకుండా పరుస్తారు. ఇద్దరు ఆడవాళ్ళు చెరొక వైపు పట్టి గట్టిగా లాగుతారు. నాలుగు మూలలా రాళ్ళో, ఇటుకలో బరువు పెడతారు. పొరలు జరిగిపోకుండా ముందుగా దూరదూరంగా పెద్ద కుట్లు వేస్తారు. అసలు నైపుణ్యం ఇక్కడే ఉంది. పరచడంలో అశ్రద్ధ చేస్తే ఎంత బాగా కుట్టినా బొంత గడ్డలు కట్టి వీపుకు గుచ్చుకుంటుంది.

ఆ తరువాత దళసరి సూది, పేటలు వేసిన దారం. కుట్టు మాత్రం చాల సాదాది. సూది పైకి, కిందికి వెళుతూ వరుసగా సాగిపోతుంది. కొందరు ఒక అంచు నుంచి మరో అంచుకు తిన్నగా కుడతారు. మరికొందరు అంచుల వెంట చుట్టూ తిరుగుతూ నడిమికి చేరతారు. బొటనవేలి వెడల్పుకు ఒక వరుస చొప్పున వేసినా నాలుగడుగుల పన్నాకు నలభై అయిదు వరుసల దాకా అవుతాయి. అంగుళానికి రెండు కుట్ల లెక్కన ఒక్కొక్క వరుసలో 144 కుట్లు. మొత్తం సుమారు ఆరువేల అయిదు వందలు! చూపు ఆనని ముసలమ్మలు, మనవరాళ్ళ చేత సూదిలోకి దారం ఎక్కించుకుంటూ ఇంత పనినీ చేసేవారు. దీనికి కూలి ఎవరు ఇచ్చారు? కుట్టిన మనిషి పేరు బొంత మీద ఎక్కడ ఉంది?

బొంతకూ, పరుపుకూ తేడా ఉంది. పరుపులో దూది కూరుతారు. దూదిని ఏకి మెత్తబరచడం దూదేకుల వారి వృత్తి. పెద్ద విల్లు వంటి పనిముట్టుకు నారి బిగించి, కొయ్యతో దాన్ని మీటుతూ ఉంటే ఆ అదురుకు దూది పింజలు పింజలుగా ఎగిరేది. ఆ చప్పుడు వినగానే పిల్లలందరూ చుట్టూ మూగేవారు. పరుపు కావాలంటే దూది ఉండాలి, పనివానికి కూలి ఇవ్వాలి. బొంతకు అవేవీ అక్కరలేదు. ఇంట్లోని పాతగుడ్డలు, ఇంటి ఇల్లాలి ఓపిక, అంతే.

నూలు వడికిన నేల

పల్నాటికీ నూలుకూ ఉన్న సంబంధం ఈనాటిది కాదు. శ్రీనాథ కవి పేరుతో ప్రచారంలో ఉన్న ఒక చాటువు ఈ సీమను ఎగతాళి చేస్తుంది. ఇక్కడ అప్సరస రంభ అయినా కూర్చుని నూలు వడకవలసిందేనని, రాజయినా నాగలి పట్టవలసిందేనని, మన్మథుడయినా జొన్నకూడు తినవలసిందేనని దాని భావం. కవి వేళాకోళంగా అన్నాడు గాని, తరచి చూస్తే అందులో మన పూర్వీకులకు ఒక యోగ్యతాపత్రం కనపడుతుంది. ఈ సీమలో చేతిపని చేయకుండా కూర్చుని తిన్నవాడు లేడు! ఆ విధంగా తమ చేతులతో వడికిన నూలు కనుకనే, చీర చిరిగినా దాన్ని పారేయడానికి ఆ తల్లులకు చేయి ఆడలేదు.

ఇంకా వెనక్కు వెళితే మాచర్లకు సమీపాన కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ ఉంది. సుమారు 1,700 సంవత్సరాల క్రిందట ఇక్ష్వాకు రాజుల కాలంలో అక్కడ బౌద్ధ విహారాలు వెలిశాయి. బౌద్ధ భిక్షువులు ధరించే చీవరం ముక్కలు కలిపి కుట్టినదే. మగధ దేశపు వరిమళ్ళు గట్లతో విడివడి ఉన్న తీరును చూసి దానిని ఆ విధంగా రూపొందించారని వారి గ్రంథాలు చెబుతాయి. ఒకరు పారవేసినది మరొకరికి వస్త్రం కావడం అన్న భావన మన దేశంలో ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది. సంస్కృతంలో బొంతను కంథ అంటారు. బెంగాలువారు నేటికీ తమ బొంతను కాంథా అనే పిలుస్తారు. కన్నడ దేశంలో కౌది, మహారాష్ట్రలో గోధడి, బీహారులో సుజని, సింధు రాజస్థాన్‌లలో రల్లీ. పేర్లు వేరయినా అమ్మచేతి కుట్టు ఒకటే.

ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు అనే ప్రజలు ఉన్నారు. పూర్వం ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి. వారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ముగ్గురూ ఉన్నారు. వారి స్త్రీలు కుట్టే బొంత నాలుగు మూలలా త్రికోణపు ముక్కలు కుట్టి వాటిని 'పూలు' అంటారు. ఆ పూలు లేని బొంతను ఒంటిమీద బట్ట లేనిదానిగా భావిస్తారట. క్రైస్తవ సిద్దీ స్త్రీలు కొందరు రంగు ముక్కలతో సిలువ గుర్తును కూడ కుడతారు.

తండాల్లో అద్దాల పని

మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి ప్రాంతాలలో లంబాడీ తండాలు ఉన్నాయి. ఒకప్పుడు వీరి పెద్దలు ఎద్దుల మందలపై ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన వర్తకులు. రైళ్ళు వచ్చాక ఆ వర్తకం పోయింది గాని, ప్రయాణాలలో నేర్చిన కుట్టుపని పోలేదు. ముక్కలు అతికి, అద్దాలు, గవ్వలు, పూసలు పొదిగి ఫేటియా అనే పావడను, కాంచళి అనే రవికను, తలమీది ముసుగును స్త్రీలు తామే కుట్టుకునేవారు. ఎద్దుల మీద కప్పే గుడ్డలు, పెండ్లికూతురితో పంపే సంచులు కూడ ఇదే పనితో మెరిసేవి. తల్లి కుట్టి ఇచ్చిన ముక్కలు కూతురి కొత్త సంసారంలో కలిసేవి.

ఇదే జాతివారు కర్ణాటకలోని సండూరులో ఒక కేంద్రం ద్వారా ఈ పనిని జీవనాధారంగా చేసుకున్నారు. సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. 2023 జూలైలో హంపిలో జి-20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ స్త్రీలు కుట్టిన 1,755 అతుకు పని వస్తువులను ప్రదర్శిస్తే అది గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అక్కడ సాధ్యమైనది 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన మన పల్నాడు జిల్లాలో ఎందుకు సాధ్యం కాకూడదు? ఆలోచించవలసిన విషయమే.

సముద్రాలు దాటిన ముక్కలు

మన సీమను ఒరుసుకుంటూ పారే కృష్ణ సముద్రంలో కలిసే ప్రాంతంలోనే మచిలీపట్నం ఉంది. పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు, ఆంగ్లేయులు అక్కడ స్థావరాలు వేసుకుని తెలుగు దేశపు అద్దకపు బట్టలను ఐరోపాకు ఓడలలో పంపారు. ఆ నూలు బట్టల మోజులో తమ ఉన్ని, పట్టు నేతగాళ్ళు చెడిపోతున్నారని ఇంగ్లండు ప్రభుత్వం 1701లోను, 1721లోను వాటిని కట్టడి చేస్తూ చట్టాలు చేసింది. అయినా అక్కడి స్త్రీలు ఒక్క పీలికను కూడ వృథా పోనివ్వలేదు. ఉత్తర ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ అనే భవనంలో 1708 ప్రాంతానికి చెందిన ఒక అతుకు బొంత ఉంది. ఆ దేశంలో మిగిలిన అతి పురాతనమైన అతుకు బొంతల్లో అది ఒకటి. అది కుట్టినది భారతదేశపు అద్దకపు నూలు ముక్కలతోనే! దొరసానులు కూడ మన బట్టతో అతుకుల బొంత కుట్టుకున్నారన్న మాట.

ఇంకొక బొంత కథ మరింత హృదయాన్ని తాకుతుంది. 1841లో ఇంగ్లండు నుంచి రాజా అనే ఓడ బయలుదేరింది. అందులో 180 మంది స్త్రీ ఖైదీలు ఉన్నారు. శిక్షగా వారిని ఆస్ట్రేలియా సమీపంలోని నేటి టాస్మేనియాకు పంపుతున్నారు. చెరసాలలోని స్త్రీల కోసం జీవితమంతా పాటుబడిన భక్తురాలు ఎలిజబెత్ ఫ్రై ఏర్పరచిన సంఘం అటువంటి ఖైదీలకు సూదులు, దారాలు, గుడ్డముక్కలు ఇచ్చి పంపేది. మూడున్నర నెలల ఆ సముద్ర ప్రయాణంలో వారు 2,815 ముక్కలతో ఒక పెద్ద బొంతను కుట్టి, తమకు సహాయం చేసిన స్త్రీలకు కృతజ్ఞతలు తెలుపుతూ దాని మీద అక్షరాలు కూడ కుట్టారు. ఎంతో కాలం కనపడకుండా పోయిన ఆ బొంత 1989లో స్కాట్లండులో దొరికింది. ఇప్పుడది ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలలో ఉంది. లోకం పారవేసిన స్త్రీలు, లోకం పారవేసిన ముక్కలు. ఆ రెండింటి కలయికే ఈనాడు ఒక దేశపు సంపద.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. మూడు వైపులా నది. అక్కడివారు పత్తిచేలలో బానిసలుగా పనిచేసిన నల్లజాతివారి సంతతి. ఓటు హక్కు కోసం నది దాటి రాకుండా 1960లలో వారి పడవను అధికారులు ఆపివేశారు. అది తిరిగి నడిచింది 2006లోనే. ఆ పల్లె స్త్రీలు చేలో వేసుకుని చిరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలతో బొంతలు కుట్టి పిల్లలను చలి నుంచి కాపాడుకున్నారు. 1966లో ఒక గురువుగారి తోడ్పాటుతో ఆ ప్రాంతపు స్త్రీలు బొంతల సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో ఈ బొంతలను గోడలకు వేలాడదీసినప్పుడు కళా విమర్శకులు ఆశ్చర్యపోయారు. 2006లో ఆ ప్రభుత్వం వాటితో తపాలా బిళ్ళలు ముద్రించింది. పత్తి తీసే చేతులే ఆ బొంతలను కుట్టాయి. మన పల్నాడులో పత్తి తీసే చేతులూ అటువంటివే కదా!

దొర్కా వారసులు

అపొస్తలుల కార్యముల గ్రంథంలో యొప్పే పట్టణపు దొర్కా మరణించినప్పుడు ఆమె ఇంటికి వచ్చిన విధవరాండ్రు ఏమి చేశారో మనకు తెలుసు. ఆమె తమకు కుట్టి ఇచ్చిన వస్త్రాలను చూపుతూ ఏడ్చారు. ఆమె పలికిన మాట ఒక్కటి కూడ లేఖనంలో లేదు. ఆమె కుట్టినవి మాత్రం ఆమె పక్షాన మాట్లాడాయి. ఆమె పేరుతో 1834లో మాన్ ద్వీపంలోని డగ్లస్ పట్టణంలో పేదలకు బట్టలు కుట్టి ఇచ్చే సంఘం మొదలయింది. అటువంటి దొర్కా సంఘాలు తరువాత అనేక దేశాలలో వెలిశాయి.

1842లో గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్ 1849లో గురజాలకు వచ్చి పల్నాటిలో పరిచర్య ప్రారంభించారన్నది మన సంఘ చరిత్రలో భాగం. ఆయనను పంపినవారి వారసులైన అమెరికా లూథరన్ స్త్రీలు నేటికీ గుడి హాలులో కూర్చుని పాత దుప్పట్లు, గుడ్డముక్కలతో బొంతలు కుడుతూనే ఉన్నారు. 1945లో స్థాపితమైన లూథరన్ వరల్డ్ రిలీఫ్ సంస్థ ద్వారా యుద్ధం, భూకంపం, వరదల వలన ఇల్లు కోల్పోయినవారికి అటువంటివి లక్షల సంఖ్యలో చేరాయి. తాము కుట్టిన బొంత ఏ దేశంలో, ఎవరి మీద కప్పబడుతుందో వారికి తెలియదు. తెలియనివారి కోసం కుట్టడంలోనే దాని గొప్పతనం ఉంది.

బొంత ఎందుకు వెనుకబడింది?

దీనికి కారణాలు లేకపోలేదు. పాలియెస్టర్ చీరలు వచ్చిన తరువాత ఇళ్ళలో పాత నూలు చీరలు కరువయ్యాయి. జారుడు బట్ట పొరలుగా నిలవదు, చెమట పీల్చదు. మిగిలిన చీరలను వీధిలోకి వచ్చే స్టీలు సామాన్ల వాడికి వేసి ఒక గిన్నె తీసుకోవడం లాభసాటిగా కనిపించింది. అటు పానిపట్టు మిల్లులనుంచి చవక కంబళ్ళు వచ్చి పడ్డాయి. తమాషా ఏమిటంటే, వాటిలో చాల వరకు దేశదేశాల పాత ఉన్ని బట్టలను చీల్చి, మళ్ళీ వడికి నేసినవే! మన పాతబట్ట మనకు నామోషీ అయింది. ఇతరుల పాతబట్టను మాత్రం కొనుక్కుంటున్నాం.

అన్నిటికంటె పెద్ద కారణం సిగ్గు. బొంత ఉంటే బీదవాళ్ళమని తెలిసిపోతుందని దాన్ని అటకెక్కించాం. బొంత కుట్టగలిగిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే దాటిపోతున్నారు. ముడత లేకుండా పరచడం, బిగి చూసి లాగడం, చెమ్మ ఆరేలా ఎండ వేయడం, ఇవి పుస్తకంలో చూసి వచ్చేవి కావు. ఒకరి పక్కన మరొకరు కూర్చుంటేనే వస్తాయి.

ఈ శీతకాలంలో

స్త్రీల సమాజాలు ఈ విషయంలో ఏమి చేయవచ్చు? పెద్ద ఖర్చేమీ లేదు. ఇంటికి ఒక నూలు చీర చొప్పున పోగు చేయండి. వేడినీళ్ళలో ఉతికి బాగా ఎండబెట్టండి. నెలకు రెండు మధ్యాహ్నాలు గుడి ఆవరణలో చాపలు వేసుకోండి. కుట్టు తెలిసిన అమ్మమ్మలను, నాయనమ్మలను ముందు కూర్చోబెట్టి, వారు చెప్పినట్లు చేయండి. ఆడపిల్లలనే కాదు, మగపిల్లలను కూడ సూది పట్టనివ్వండి. ఎనిమిది మంది కూర్చుంటే ఒక్కొక్కరికి అయిదారు వరుసలే వస్తాయి. రెండు మూడు మధ్యాహ్నాలలో ఒక బొంత పూర్తవుతుంది.

ఒక మూలన కుట్టినవారి పేర్లు, సంవత్సరం దారంతో వేయండి. ఇన్ని తరాలుగా పేరు లేకుండా పోయిన పని ఇది. ఇకనైనా పేరుతో ఉండనివ్వండి. మొదటి బొంతను అమ్మవద్దు, దాచవద్దు. మిరప కళ్ళాలలో గుడిసె వేసుకుని ఉన్న ఏ కూలి తల్లి దగ్గరికైనా తీసుకువెళ్ళి, ఆమె బిడ్డకు ఇవ్వండి. పాతబట్ట ఇచ్చినట్లు గాక, చుట్టానికి సారె పెట్టినట్లు ఇవ్వండి.

బేత్లెహేములో పుట్టిన బిడ్డను పొత్తిగుడ్డలలో చుట్టారని లూకా వ్రాశాడు. ఆ మాట తెలుగులో చదివిన ఏ పల్లెటూరి తల్లికీ వివరణ అక్కరలేదు. పాత నూలు చీర మెత్తదనం ఆమెకు తెలుసు. సత్రంలో స్థలం దొరకని కుటుంబాలు మన చేలగట్ల మీద ఏటేటా కనపడుతూనే ఉన్నాయి. వారి బిడ్డలకు ఈ పుష్యమాసపు చలిలో కప్పడానికి కావలసిన గుడ్డ మన ఇళ్ళలోనే మడతలు పెట్టి ఉంది. దారం, సూది కొట్టులో దొరుకుతాయి. కూర్చునే మనసే మనం తెచ్చుకోవలసినది.